బాలమ్మ ఇత్తడి ఏనుగులు

లాల్‌దర్వాజాలో గాజుల దుకాణం నడిపే బాలమ్మ మధ్యాహ్నం అన్నం తిన్నాక షట్టర్ సగం దించేది. గుమ్మం ముందు షాబాద్ బండ మీద సుద్దముక్కతో గళ్లు గీసి, పక్కింటి కృష్ణమ్మతో అష్టాచెమ్మా ఆడేది. కాయలు పగిలిన గాజుముక్కలే. ఆడేది అన్నాను గానీ, ఎక్కువసేపు పోట్లాడుకునేవాళ్లు. ఒరిగి పడిన గవ్వ లెక్కకొస్తుందా రాదా అన్న తగవు నేను బాలమ్మ ఇంట్లో అద్దెకు దిగకముందే మొదలైందట.

తొంభై ఎనిమిదిలో కృష్ణమ్మ వాళ్లు జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. మొదట్లో ఆమె తరచుగానే బస్సెక్కి వచ్చేది. రానురాను తగ్గించింది. బాలమ్మకు భయం పట్టుకుంది.

"గీ గాజుముక్కల కోసం గంత దూరంకెల్లి ఎవరొస్తరు చెప్పు?" అని నన్నడిగింది. బేగంబజార్ వెళ్లి మఖమల్ గుడ్డ మీద గళ్లు కుట్టిన పటం, ఇత్తడి ఏనుగులు, ఇత్తడి గుర్రాలు కొనుక్కొచ్చింది.

కొత్త వస్తువు ఏది తెచ్చినా పసుపు, కుంకుమ పెట్టి అమ్మవారి గుడిలో చూపించాకే వాడటం ఆమె అలవాటు. కుక్కర్‌కూ అలాగే చేసింది. కుక్కర్‌తో ఏ ఇబ్బందీ రాలేదు. ఏనుగుకు బొట్టు పెడితే మాత్రం వినాయకుడవుతుంది.

కృష్ణమ్మ వచ్చి, చూసి, చెప్పులు దూరంగా విడిచి కూర్చుంది. బాలమ్మ ఏనుగు దెబ్బకు దొరికినప్పుడల్లా దాన్ని కొట్టకుండా తన ఇంకో గుర్రాన్ని జరిపింది.

"గణపతిని ఎట్ల సంపాలె బాలమ్మా? పాపం తగుల్తది."

ఆ రోజు నుంచి బాలమ్మే గెలిచేది. గొంతు పెంచేవాళ్లు లేరు. అంత ప్రశాంతత నాకే నచ్చలేదు. ఒకనాడు కృష్ణమ్మ ఆవులించి లేచింది.

"మల్ల రాను బాలమ్మా. గిది ఆటనా? గుడిల కూసున్నట్టుంది."

బాలమ్మ మొహం పాలిపోయింది. "ఒక్కాట ఆడి పో. ఏనుగులు నువ్వే తీస్కో."

ఆట నడిమికొచ్చింది. బాలమ్మ గవ్వలేసింది. రెండు పడ్డాయి, నేను చూశాను. మూడు గళ్లు జరిపి, గుర్రంతో కృష్ణమ్మ ఏనుగును కొట్టి అవతల పడేసింది.

"సచ్చింది!"

కృష్ణమ్మ గబగబా లెంపలేసుకుంది. ఆ తర్వాత కొంగు బిగించింది.

"ఏడ సచ్చింది? రెండే పడ్డయ్! దొంగదానా, మూడు జరిపినవ్!"

"మూడే పడ్డయ్. కండ్లు కనపడ్తలేవా?"

లొల్లికి గల్లీ మొత్తం బయటికొచ్చింది. ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. చివరికి కృష్ణమ్మ చెప్పులేసుకుని గల్లీ మలుపు నుంచి అరిచింది.

"రేపొస్త! రేపొచ్చి నీ గుర్రాలన్నిట్ని సంపకుంటే నా పేరు కృష్ణమ్మే గాదు!"

బాలమ్మ లోపలికొచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, రేపు చాయ్‌కి పాలు ఇంకాస్త ఎక్కువ పోయించమని నాతో అంది.