అర అంగుళం

అన్న ఐదు అని చెప్పాడు. నేను ఐదున్నర అని రాశాను. పొరపాటు కాదు, కావాలనే రాశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో ఎండ గురించి తప్ప ఇంకేమీ లేదు.

మాది కడప జిల్లాలో మగ్గాల ఊరు. అన్నకు మగ్గం మీద మనసు నిలవలేదు. కర్నూలు పక్కన కల్లూరులో కార్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. నేను డిగ్రీ చదువుతూ అన్నా వదినల దగ్గరే ఉండేదాన్ని. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజులు. అన్న బెంగళూరులో తుక్కు కింద పోబోతున్న ఒక రెండు తలుపుల స్పోర్ట్స్ కారును తెచ్చి, మూడేళ్లు కష్టపడి నడిచేలా చేశాడు. మద్రాసు వైపు వాడకంలో లేని ఒక రన్‌వే మీద డ్రాగ్ రేసులు జరిగేవి. పావు మైలు, మలుపుల్లేని దారి. అక్కడ ఒక్కసారి తన కారు పరిగెత్తాలి. అన్నకు ఉన్న ఆశ అదొక్కటే.

అతనికి ఇంగ్లీషు రాదు. నేను సెంటర్లో కార్ల గురించి ప్రింట్ తీయించిన కాగితాలు షెడ్డులో కూర్చుని చదివి చెప్పేదాన్ని. బయట నలుగురిలో నోరు పెగలని నాకు అక్కడ మాత్రం మాటలు బాగానే వచ్చేవి.

"ముందర చక్రాలు ఊరికే దావ చూపిచ్చేదానికి, పాపా. ఈ బండిలో పనంతా ఎనక చక్రాలదే. మనింట్లో మీ వదిన మాదిరి," అన్నాడు అన్న ఒకరోజు.

"అట్లయితే నువ్వు ముందర చక్రమా? నిజమేలే, ఊరికే తిరుగుతాంటావు," అంది వదిన గుమ్మంలోంచి.

అన్నకు పదిహేడు అంగుళాల మెరిసే రిమ్ముల మీద కన్నుండేది. పదిహేను అంగుళాలవి చాలని నేనే చెప్పాను. రిమ్ము చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది. గాలి తగ్గించి పెడితే బండి కదిలేటప్పుడు అది ముడతపడి నేలను పట్టుకుంటుంది. అసలు గాడులే లేని నున్నటి టైర్లు అడిగాడు. మన దుమ్ము రోడ్ల మీద అవి నిలవవు, సన్నటి గాడులున్నవి తీసుకో అన్నాను. అన్నిటికీ ఒప్పుకున్నాడు. నా మాట మీద అంత నమ్మకం.

ఆ వారమే, పాత టైర్లతో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నంద్యాల రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. కంకర మీద వెనక భాగం పక్కకు జారింది. కల్వర్టు గోడ నా కిటికీ ముందు నుంచి పోయింది. అన్న నవ్వాడు. నేను ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను.

వదినకు అప్పుడు ఏడో నెల. నా నోరు కడిగిస్తూ అంది: "నువ్వు వద్దని చెప్పు. నీ మాటయితే ఇంటాడు. నేను నోరు తెరిస్తే రేడియో సౌండు పెంచుతాడు."

చెప్పాలనే షెడ్డుకు వెళ్లాను. అన్న కారు కింద పడుకుని ఉన్నాడు. రిమ్ములు కోయంబత్తూరులో కొలత ప్రకారం చేయించాలి. బోల్టులు బిగించే పలక నుంచి రిమ్ము లోపలి అంచు వరకు ఎంత ఉండాలో చూస్తున్నాడు. ఇనుప టేపు ఆ సందులోకి వంగదు. అందుకని నాయన మగ్గం దగ్గరి నూలు దారం ఒకటి పట్టి, ముడి వేసి, బయటికి తెచ్చి టేపు మీద పరిచాడు.

"ఐదు. రాసుకో పాపా. నీ రాతయితే వాళ్లకు బాగా అర్థమైతాది."

వద్దన్నా అని చెప్పడానికి బదులు ఐదున్నర అని రాశాను. ఆ దారాన్ని డైరీలో పెట్టుకున్నాను.

మద్రాసు పందానికి పది రోజుల ముందు రిమ్ములు వచ్చాయి. టైర్లు ఎక్కించి బిగించాక, అన్న చక్రం చేత్తో తిప్పాడు. లోపలి అంచు షాక్ అబ్జార్బర్‌కు రాసుకుని కర్రుమంది. అన్న మళ్లీ కొలిచాడు. ఐదే. నేను రాసిన కాగితం నకలు చూశాడు. ఐదున్నర.

"మొదట నేనే తప్పు చెప్పినట్టుండా. ఆ దారం యాడ పెట్టినావు పాపా?"

"తెలీదన్నా," అన్నాను.

అంతటితో ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. మర్నాడు లేత్ షాపులో అర అంగుళం మందం పలకలు చేయించుకొచ్చాడు, చక్రానికీ ఇరుసుకూ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరపడానికి. పలక పెడితే నట్టు పట్టుకోవడానికి బోల్టు సగమే మిగులుతుంది. ఆ వేగంలో చక్రం ఊడిపోవచ్చు. అతన్ని కాపాడదామని నేను చేసిన పని అతన్ని ఇంకా పెద్ద ప్రమాదంలోకి నెట్టింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాలి. చెప్పలేదు. షెడ్డు గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

నట్టు రెండు చుట్లు తిరిగి ఆగింది. అన్న మిగిలిన బోల్టు పొడవు వేలితో తడిమి చూశాడు. తర్వాత విప్పి, పలకలు రెండూ బల్ల కింద పడేశాడు. "బిడ్డ పుట్టబోతాండాది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. పందెం రోజున ఎవరిదో జీపు బ్రేకులు బాగుచేస్తూ షెడ్డులోనే ఉన్నాడు. వదిన సంతోషపడింది. నేను పడలేకపోయాను. తర్వాతి ఏడాది ఆ కారును అమ్మేశాడు.

నిరుడు కల్లూరు వెళ్లినప్పుడు ధైర్యం చేశాను. వదిన, బిడ్డ బయటికి పోయారు, ఇంట్లో మేమిద్దరమే. డైరీ తెరిచి దారం తీసి అతని ముందు పెట్టాను. "అన్నా, ఆ కొలత..." అన్నాను.

దారాన్ని అన్న వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. మగ్గం ఇంట పుట్టినవాళ్లం. అంత చిన్న నూలు ముక్క అర అంగుళం సాగదని మా ఇద్దరికీ తెలుసు.

దాన్ని తిరిగి నా డైరీలో పెట్టి, మూసి, నా చేతికిచ్చాడు.

"దారం సాగిందిలే పాపా. నీ రాతలో తప్పు యాడుంటాది!"