మైకు టీచర్ గుసగుస

పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు మైకు టీచర్. ఆవిడ గుసగుసలాడితే పక్క వీధికి మాత్రమే వినిపిస్తుంది. చిన్నపిల్లల్ని ఊరి మ్యూజియంకి తీసుకొచ్చిన ప్రతిసారీ వాళ్ళకంటే ముందు ఆవిడకే కాలు నిలవదు. పిల్లల వైపు తిరిగి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ ఊపుతూ, "అదుగో నాగలి! ఇదుగో తిరగలి! ముట్టుకున్నారో, ఊరుకోను!" అంటూ ఆ పాత సామానంతటినీ సొంత చుట్టాల్లా పరిచయం చేస్తుంది. "కాస్త మెల్లిగా మేడమ్, పైకప్పు పాతది," అని కాపలాదారు బతిమాలుకుంటాడు. ఎవరు వింటారు?

ఈసారీ అదే వరస, చెక్క ఊయల దాకా. "మీ ముత్తాతల్ని ఇందులోనే ఊపి జోకొట్టేవాళ్ళర్రా!" అని ఆవిడ అరిచేసరికి, ముందున్న బుడ్డది కంగారుగా ఆవిడ చెయ్యి పట్టి లాగింది.

"టీచర్, మెల్లిగా! ముత్తాత లేస్తాడు."

పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు. టీచర్ మునివేళ్ళ మీద ఊయల దగ్గరికి వెళ్ళి, లోపలికి తొంగిచూసి, మెరిసే కళ్ళతో ఇటు తిరిగింది. సరిగ్గా అప్పుడే కాపలాదారు గుమ్మంలోంచి, "మేడమ్, బస్సొచ్చింది!" అని కేకేశాడు.

ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. "ష్ష్! ఇప్పుడే పడుకున్నాడు."

మైకు టీచర్ మాట మొట్టమొదటిసారి గుమ్మం దాకా వినిపించలేదు.