నూర్ గుండె, నేను రాసిన ఊరు

ఆ రోజు బడికి బయల్దేరిన పిల్లల్లో నూర్ ఒక్కతే గేటు దాకా వెళ్లి కూర్చుండిపోయింది. ఎండా లేదు, పరుగూ లేదు. పెదాలు మాత్రం నేరేడుపళ్లు తిన్నట్టు ఉన్నాయి. ఏమైందే అంటే గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. బడి ఎగ్గొట్టాలంటే మా పిల్లలకు రాని జబ్బు ఉండదు. "లే, నాటకాలు సాలు" అని కసిరాను. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూలబడింది. అప్పుడు నాకు భయం వేసింది.

నా పేరు సుగుణ. కోటబొమ్మాళి దగ్గర తప్పిపోయిన పిల్లలను, ఎవరూ లేని పిల్లలను ఉంచే హోమ్‌లో పదమూడేళ్లుగా వార్డెన్‌ని. మా బాప్టిస్టు సంఘం వాళ్లు నడుపుతారు. విదేశాల నుంచి వచ్చే సాయం ఆగిపోయాక, సంఘం ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తెచ్చి పోస్తున్నారు. ఆ బియ్యంతోనే మా పిల్లల కడుపులు నిండుతున్నాయి. గుప్పెడు బియ్యంతో మందులు రావు కదా.

నూర్‌ను అంతకు కొన్ని నెలల ముందు రైల్వే పోలీసులు పలాస స్టేషన్‌లో రైలు దించి మాకు అప్పగించారు. తొమ్మిదేళ్లుంటాయి. వెంట ఎవరూ లేరు. ఏం మాట్లాడుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా వంటమనిషి సుభద్రది ఇచ్ఛాపురం, ఒడియా బాగా వచ్చు. అది పిల్లతో కాసేపు మాట్లాడి నన్ను పక్కకు లాగింది.

"ఇది ఒడియా కాదమ్మా. బర్మా అంతంది. రంగం పిల్లమ్మా ఇది! మా తాత కూడా రంగం ఎల్లొచ్చినోడే."

మా వైపు పాతవాళ్లు రంగూన్‌ను రంగం అంటారు. ఇలాగే సరిహద్దు దాటొచ్చిన ఒక తల్లినీ బిడ్డనూ పరాయి దేశస్థులని కేసు పెట్టి తీసుకుపోవడం అంతకు ముందు నేను చూశాను. ఆ తల్లి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"గంజాం అని రాసీండమ్మా. ఎవులికి తెలస్తాది?" అంది సుభద్ర.

రిజిస్టర్‌లో అలాగే రాశాను. ఊరు గంజాం జిల్లా, ఒడిశా. ఎవరడిగినా అదే చెప్పాలని పిల్లకూ నేర్పాను. మొదట్లో అది తన ఊరి పేరు పదేపదే చెప్పేది. చెప్పినప్పుడల్లా నేను నోటి మీద వేలు పెట్టి ఉష్ అనేదాన్ని. మేలు చేస్తున్నాననుకున్నాను, నా మొహం! వచ్చిన కొత్తలోనే మోకాళ్లు వాచి జ్వరం కూడా వచ్చింది. ఎదిగే పిల్లల నొప్పులులే అని నూనె రాసి ఊరుకున్నాను.

గేటు దగ్గర కూలబడిన రోజే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ, ఎక్స్‌రే, ఎకో చేశారు. డాక్టరమ్మ చిన్న వయసుది. కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను.

"రుమాటిక్ హార్ట్ డిసీజ్ అమ్మా. ఆ కీళ్ల జ్వరమే గుండెకు పట్టింది. మైట్రల్ వాల్వ్ మూసుకుపోతోంది. ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్ తప్పకూడదు. విశాఖపట్నంలో బెలూన్‌తో వాల్వ్ తెరుస్తారు. ఇప్పుడైతే బాగవుతుంది."

ఇప్పుడైతే అని రెండుసార్లు చెప్పింది.

విశాఖలో ఉచితంగా చెయ్యాలంటే ప్రభుత్వ ఆరోగ్య కార్డు కావాలన్నారు. కార్డుకు శిశు సంక్షేమ కమిటీ ఆర్డరు కావాలి. కమిటీ దగ్గరున్న ఫైలేమో, నేను రాసిన ఊరిని పట్టుకుని తల్లిదండ్రులను వెతకడానికి గంజాం వెళ్లింది. లేని ఇల్లు ఎలా దొరుకుతుంది? ఆ ఆఫీసు మెట్లెక్కిన ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. పిల్లను తీసుకుపోతారని భయం. అబద్ధం ఎందుకాడాలి, నా ఉద్యోగం పోతుందని కూడా భయమే. అలా ఎనిమిది నెలలు నోరు విప్పలేదు.

వానల్లో నూర్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఐసీయూలో పెట్టారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని అది నా చీర కొంగు పట్టుకుని పడుకుంది. కొంగు విడిపించుకుని తిన్నగా కమిటీ ఆఫీసుకు వెళ్లి అంతా చెప్పేశాను.

"ఎంత పని చేశారమ్మా!" అన్నాడు అక్కడి పెద్దాయన. "మొదటే చెప్పుంటే ఢిల్లీలో శరణార్థుల పనులు చూసే ఆఫీసుకి రాసేవాళ్లం. ఆపరేషన్‌కి వాళ్లే ఏదో దారి చూపించేవారు."

అప్పుడు రాశారు. వాళ్లు వీడియో కాల్ పెట్టేసరికి నూర్ మా దగ్గరకొచ్చి ఏడాదిన్నర దాటింది. అవతల ఒక మేడమ్, పక్కన నూర్ భాష వచ్చిన మనిషి. ఆయన ఏదో అడిగాడు. నూర్ తెల్లమొహం వేసింది. మళ్లీ అడిగాడు. మా మధ్య తెలుగే మాట్లాడి తన భాషే మరిచినట్టుంది, ఏమంటున్నారమ్మా అని నన్నడిగింది. చివరికి మేడమ్ హిందీలో అడిగితే నేను తెలుగులో చెప్పాను.

"మీ ఊరి పేరు అడుగుతున్నారమ్మా. నిజం పేరు చెప్పు. పర్లేదు."

నూర్ నా కళ్లలోకి చూసి "గంజాం" అంది. తప్పు చెప్పానా అన్నట్టు మళ్లీ నా వైపే చూసింది.

"అది కాదే తల్లీ, వచ్చిన కొత్తలో చెప్పేదానివే, ఆ పేరు!"

"గంజామే కదమ్మా" అని ఏడ్చేసింది. నాకూ గుర్తు రాలేదు. చివర పారా అని వినబడేది, అంతే. నాన్న పేరూ దానికి సరిగా గుర్తు లేదు. ఊరు తేలందే శరణార్థి కాగితమూ రాదు, ఆపరేషన్‌కి సాయమూ రాదు, ఇంకా విచారణ చెయ్యాలి అన్నారు. ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

మొన్న విశాఖ కార్డియాలజిస్టుకు చూపించాం. "బెలూన్‌కి టైమ్ దాటిపోయింది. వాల్వ్ లీకవుతోంది, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ బాగా పెరిగింది. ఇక వాల్వ్ మార్చడమే. ఈ స్థితిలో అదీ హై రిస్క్. మందులతో ఎన్నాళ్లు లాగుతామో చెప్పలేను" అన్నాడాయన.

ఇప్పుడు నూర్ బడికి వెళ్లదు. తలగడలు ఎత్తుగా పెడితేనే నిద్ర పడుతుంది. ఉప్పు లేని గంజి పట్టుకొచ్చి సుభద్ర రోజూ నాతో దెబ్బలాడుతుంది. "ఇది నానే తాగనేను, పిల్లెలా తాగుతాదమ్మా?" అంటుంది. హోమ్ కూడా వచ్చే నెల మూసేస్తున్నారు, పిల్లలందరినీ విజయనగరం పంపుతున్నారు. అక్కడికొచ్చి నూర్ ఇంజక్షన్ నేనే వేయిస్తానని అడిగితే, చూద్దాం అన్నారు. దేవుడు చూసుకుంటాడని సంఘంలో అందరూ అంటారు. చూస్తున్నాడేమో. నాకైతే దారేమీ కనబడటం లేదు.

ఇది చదివేవాళ్లలో నాలాంటి వార్డెన్లు, ఆయాలు ఉంటారు. ఒక్క మాట వినండి. ఎవరి బిడ్డ మీ చేతికొచ్చినా, మొదటి రోజే ఆ బిడ్డ చెప్పిన ఊరూ పేర్లూ చెవిన పడ్డవి పడ్డట్టు రాసి పెట్టుకోండి. అర్థం కాకపోయినా రాయండి. తర్వాత అడిగితే బిడ్డకే గుర్తుండదు.