వనపర్తి నుంచి ఇరవై రెండు రాళ్లు

ఇప్పటి బస్సుల కిటికీ అద్దాలు గట్టిగా మూసుకుంటాయి. అందుకే దసరా దాటాక వనపర్తిలో బస్సెక్కితే ముందుగా ముక్కుకు తగిలేది మనుషుల చెమట వాసన కాదు, గంపల్లో కళ్లు విచ్చుకుని మెత్తబడుతున్న సీతాఫలాల వాసన. మొన్న అలాగే ఎక్కి, ఆధార్ కార్డు చూపించి, కండక్టరమ్మ చేతిలోని మిషన్ కక్కిన సున్నా రూపాయల టికెట్ పట్టుకుని కూర్చున్నాను. నా కాళ్ల దగ్గరే ఎవరిదో గంప ఉంది. ఊరు వచ్చేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాను. సీతాఫలం నోట పెట్టి నలభై మూడేళ్లయింది.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పట్టా పాసుబుక్కులు, కరెంటు బిల్లులు, సర్వే కాగితాలు నా దగ్గరికి తెస్తారు. ఎక్కడ గుంట భూమి తగ్గింది, ఎక్కడ యూనిట్ పెరిగింది చూసి పెడతాను. అలా చూసీ చూసీ సర్కారు రూళ్ల మీద, మిషన్ల మీద, బస్సుల మీద నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. కానీ అవన్నీ ఒకే ఒక్క ప్రయాణంలోంచి పుట్టినవి కాబట్టి ముందు ఆ ప్రయాణం చెప్పాలి.

మా ఊరు వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే దారిలో ఇరవై రెండో కిలోమీటరు రాయి దగ్గర. పసుపు తల, తెల్లటి ఒళ్లు, నల్లటి అంకెలు. నాకు అంకెలు బడిలో రాలేదు. అవ్వ, అంటే మా నాన్న తల్లి, ఆమె వేలు పట్టుకుని చేనికి పోతూ ఆ రాళ్ల మీద చూసి నేర్చుకున్నాను. రోజుకు రెండే ఎర్రబస్సులు. పొద్దున బస్సు పోయిందంటే అవ్వ జొన్నరొట్టెల పెనం దించేది, సాయంత్రం బస్సు హారన్ వినపడిందంటే కందిలి చిమ్నీ బూడిదతో తుడిచేది. బస్సు ఆలస్యమైతే మా ఇంట్లో పొద్దు కూడా ఆలస్యంగా గుంకేది.

వానకాలం పంట చివర్లో పల్లికాయ పీకే రోజుల్లో ఇల్లంతా పచ్చిమట్టి వాసన, వేళ్ల సందుల్లో పోని జిగురు, పొద్దుగూకితే కుండలో ఉప్పేసి ఉడికించిన కాయలు. ఎండాకాలం కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే బస్సు టాపు మీద గడ్డి కప్పిన మామిడిపండ్ల గంపలు, బస్సు వెళ్లిపోయాక కూడా దుమ్ములో కాసేపు నిలబడి ఉండే ఆ తీపి. బతుకమ్మ రోజుల్లో గట్ల మీద తంగేడు కోసి తెచ్చి, గునుగుపూలకు రంగులద్ది, చివరిరోజున చెరువు గట్టున పంచుకునే నువ్వులపొడి, రొట్టెను బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్దలు. వీటన్నిటి మధ్య తిరుగుతూ మా తమ్ముడు నర్సిములు. వాడికి నాలుగేళ్ల ఏడు నెలలు. నాకు ఎనిమిది.

వాడికి బస్సంటే ప్రాణం. ఎద్దుల పగ్గం రెండు కొసలూ ముడివేసి అందులో దూరితే అదే మా బస్సు. నేను డ్రైవర్ని, వాడు కండక్టర్. కానుగాకులు టికెట్లు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వను కూడా వదిలేవాడు కాదు.

"అవ్వా, టికెట్!"

"నా దగ్గర చిల్లర లేదు సారూ. దించేస్తవా ఏంది?"

"దిగు మరి. రూలు రూలే."

"ఓరి నీ రూలు పాడుగాను! నీ ముడ్డి కడిగిన దాన్ని రా," అని అవ్వ చాట పక్కన పెట్టి నవ్వేది. చివరికి చేతిలో నాలుగు బియ్యం గింజలు పెడితే కానుగాకు చింపి ఇచ్చి, "రైట్ రైట్" అని అరుస్తూ పరిగెత్తేవాడు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ వెళ్లిన మూడో రోజున వాడికి జ్వరం వచ్చింది. తెల్లవారేసరికి కళ్లు పైకి తేలేశాడు. నాన్న కూలీల గుంపుమేస్త్రీ వెంట ఎక్కడో దూరదేశం కాలువ పనికి పోయి ఉన్నాడు. అమ్మ వాణ్ని భుజాన వేసుకుని, బోర్డులు చదవడానికి నన్ను వెంటబెట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ఆ రోజు బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. తొమ్మిదో రాయి దగ్గర టైరు గాలి పోయింది. మేము దవాఖానకు చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. సూదులు వేశాడు, నీళ్లు ఎక్కించాడు. మూడు గంటలకు బయటికి వచ్చి, "జర ముందు తెచ్చుంటే బాగుండెనమ్మా" అన్నాడు. ఆ 'జర' ఎంతో నేను ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉంటాను.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంటికి తీసుకుపోవడానికి జీపు మాట్లాడాలంటే పండగ రోజులు, మాకు తెలిసిన బండి లేదు, తెలియని బండివాడు అడిగేంత మా దగ్గర లేదు. ఊళ్లో అవ్వ ఒక్కతే ఎదురుచూస్తోంది. వాణ్ని మా చేన్లో, మా మట్టిలో, అవ్వ చేత్తో ఉప్పు చల్లించి, పొద్దుగూకేలోపు పూడ్చిపెట్టాలి. మాలో చిన్నపిల్లల్ని అలాగే చేస్తారు. లేకపోతే ఆ పట్నంలో, ఎవరూ మనవాళ్లు లేని చోట వదిలి రావాలి.

నేల తుడుస్తున్న ఒక ముసలి ఆయా వచ్చి అమ్మ పక్కన వంగింది. "బస్సుల పీనుగును ఎక్కనియ్యరు బిడ్డా. రూలు. భుజాన ఏసుకో. నిద్రవోయినట్టు కొంగు గప్పు. ఏడ్వకు, నీ పానం వోయినా ఏడ్వకు." తర్వాత నా గడ్డం పట్టుకుని, "నువ్వు గూడ," అంది.

అమ్మ ముఖం కడుక్కుంది. వాడి జుట్టు తడిచేత్తో దువ్వింది. బస్టాండుకు నడుస్తూ నాతో ఒక్కమాటే చెప్పింది. "ఊరొచ్చేదాక రాళ్లు లెక్కవెట్టు. ఇంకేం జూడకు."

కిటికీ దగ్గర నేను, నా పక్కన అమ్మ, నడిచే దారికి అవతలి సీట్లో సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ. అమ్మ భుజం మీద నర్సిములు. వాడి కాలొకటి నడిచే దారిలోకి వేలాడుతోంది. ఒకటో రాయి. రెండో రాయి.

"నిద్ర గట్టిగనే వట్టింది బుడ్డోనికి," అంది ముసలమ్మ.

"జరమొచ్చిందవ్వా. సూదేసిండ్రు," అంది అమ్మ.

"అట్లనా. పండుకోని. లేసినంక తినిపియ్యి." గంపలోంచి ఒక పండు ఏరి, వేలితో నొక్కి చూసి, అది గట్టిదని పక్కన పెట్టి, మెత్తటిది ఇంకొకటి ఏరి నా ఒళ్లో పెట్టింది. "అక్కవు గదా. నువ్వు దినకు, తమ్మునికే."

నాకు ఏడు రాళ్లు గుర్తున్నాయి, ఎనిమిదోది గుర్తులేదు. పండు కన్ను విచ్చి నా వేళ్ల మధ్యకు తేనె లాంటి రసం కారింది. తుడుచుకోవచ్చో లేదో తెలియలేదు. ఏడుపు రాకుండా పదో రాయి, పదో రాయి అని లోపలే అనుకున్నాను.

కండక్టర్ వెనక నుంచి టికెట్లు కొడుతూ వచ్చాడు. లావుపాటి మనిషి, చెవి వెనక పెన్సిల్. "ఎవలెవలమ్మా?"

"నాకొకటి, పోరికి అర టికెట్ సారూ."

"బుడ్డోనికెన్నేండ్లు?"

"ఐదు నిండలే."

ఆ రోజు బస్సులో అమ్మ చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కండక్టర్ టికెట్లు చింపి ఇచ్చాడు. దాటిపోబోతూ దారికి అడ్డంగా ఉన్న తమ్ముడి కాలు పక్కకు జరుపుదామని పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఏడవలేదు, బతిమాలలేదు, ఊరికే చూసింది. నేను రాళ్లు చూడడం మానేసి ఆ చెయ్యినే చూస్తున్నాను. ఆయన ఒక్కమాట అంటే చాలు, ఆ రోడ్డు మీద దిగిపోవాల్సిందే.

ఆయన ఆ కాలును మెల్లగా, నిద్రపోయే పిల్లవాడి కాలును ఎంత మెల్లగా జరుపుతారో అంత మెల్లగా, అమ్మ కొంగు కిందికి జరిపాడు. ముందుకు పోయి డ్రైవర్ చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాత బస్సు ఏ స్టేజీలోనూ చాయ్‌కి ఆగలేదు. ఇరవై రెండో రాయి దగ్గర, స్టేజీ ఇంకా రాకముందే, మా చేను ఎక్కడో అడిగి దాని ఎదురుగా ఆపించాడు. తానే ముందు దిగి, అమ్మ దిగుతుంటే మోచేయి పట్టుకున్నాడు.

"పైలం, చెల్లె," అన్నాడు. అంతే.

బస్సు కదిలాక అమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చిన ఏడుపు నేను రాయలేను.

గుంత ఎక్కడ తవ్వాలని మా దాయాదులు, పాలివాళ్లు అడిగినప్పుడు, చేను నడుమ రాతి కట్ట దగ్గర అన్నారు అందరూ. అవ్వ ఒప్పుకోలేదు. "వానికి బస్సంటే పానం. ఆడేం గనవడ్తది? రోడ్డు మొఖాన, ఆ యాపచెట్టు కాడ వెట్టుండ్రి. వచ్చేటియి పోయేటియి జూస్తుంటడు." అలాగే పెట్టారు. నాన్న పదమూడు రోజులకు వచ్చాడు. ఆ తర్వాత పొద్దున బస్సు పోతుంటే అవ్వ పెనం దించడం మరిచిపోయేది, రొట్టెలు మాడేవి.

ఇక నా అభిప్రాయాలు. బస్సులో శవాన్ని ఎక్కించకూడదన్న రూలు తప్పని నేను అనను. రోగాలుంటాయి, పక్కవాళ్ల భయాలుంటాయి. రూలు రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు, వాళ్లకు మా అమ్మ ఎదురుపడలేదు అంతే. కొత్త మిషన్లను తిట్టేవాళ్లతోనూ నేను కలవను. అప్పుడు ఆ దారికి గంటన్నర పట్టేది, ఇప్పుడు ముప్పై అయిదు నిమిషాలు. ఫోను చేస్తే అంబులెన్సు ఊళ్లోకే వస్తుంది. బస్సు ఆలస్యం, టైరు, దారి అన్నీ కూడి అప్పటికీ ఇప్పటికీ తీసేస్తే వచ్చే తేడాలో నా తమ్ముడు బతికేవాడు. ఇన్ని సౌకర్యాల్ని వద్దనడానికి నాకు నోరు రాదు. ఒక్కటే బాధ. మిషన్ వయసు అడుగుతుంది, కార్డు అడుగుతుంది, వేలిముద్ర అడుగుతుంది, అన్నీ సరిగ్గానే అడుగుతుంది. ఒక తల్లి ముఖం చూసి అడగాల్సింది అడగకుండా ఊరుకోవడం దానికి నేర్పలేదు. నేర్పగలరేమో కూడా నాకు తెలియదు.

ఆ దారి ఇప్పుడు అలా లేదు. అవ్వ లేదు, నాన్న లేడు. పసుపు తలల రాళ్లు పీకేసి ఆకుపచ్చ బోర్డులు పెట్టారు. ఈ ఏడు రోడ్డు ఇంకా వెడల్పు చేస్తామని కొలతలకు వచ్చారు. ట్యాబ్ పట్టుకున్న కుర్రవాడు మర్యాదస్తుడు. చేన్లో గట్టు మీద కూర్చున్న మా అమ్మ ముందు తానూ గొంతుక్కూర్చుని అడిగాడు.

"పోయే జాగల ఏమేమున్నయమ్మా? బోరు, చెట్లు, పైపులు?"

"బోరొకటి. యాపచెట్టొకటి." అమ్మ చెట్టు మొదలు వైపు చెయ్యి చూపింది. "మా పోరగాన్ని వెట్టినం ఆడ."

అతనికి అర్థం కాక నా వైపు చూశాడు. చెప్పాను. అతని వేలు తెర మీద పైకి జరిగింది, కిందికి జరిగింది.

"సమాధి అంటే కట్టింది ఉండాలక్కా. ఫొటో తియ్యాలె. ఈడ ఉట్టి గడ్డే ఉంది గదా."

నిజమే, గడ్డే ఉంది. మాలో చిన్నపిల్లల మీద ఏమీ కట్టరు.

"పోనియ్యి బిడ్డా, రాయకు," అంది అమ్మ. "నీ కొలువుకు మాటొస్తది."

వాళ్లు వెళ్లాక నేను టేపు తెచ్చాను. రోడ్డు నడుమ నుంచి పదిహేను మీటర్లు తీసుకుంటారు. మా ఊళ్లో ఇద్దరి సర్వేల్లో తప్పు పట్టి పోయిన గుంటలు వెనక్కి ఇప్పించినదాన్ని. తప్పు ఉండే ఉంటుందనుకున్నాను. రోడ్డు నడుమ నుంచి వాణ్ని పెట్టిన చోటికి కొలిచాను, పదమూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు. అవతలి మోరీ అంచు నుంచి కొలిచి అందులోంచి సగం రోడ్డు తీసేశాను, పదమూడు అరవై. వేపచెట్టు మొదలు నుంచి కొలిచి కూడి చూశాను. మూడూ కలిశాయి. చేను నడుమ పెట్టి ఉంటే ఎవరికీ అడ్డు వచ్చేవాడు కాదు.

"ఎంతొచ్చింది బిడ్డా?" అని గట్టు మీద నుంచి అమ్మ అడిగింది.

"ఇంకోసారి జూస్త అమ్మా," అని టేపు పట్టుకుని మళ్లీ రోడ్డు నడుమకు నడిచాను.