రాని షిఫ్టుకు చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఒక అలవాటుంది. దేవుణ్ణి అడిగినది చేతికి రాకముందే, వచ్చేసిందని నమ్మి, ఆదివారం కూడికలో లేచి సాక్ష్యం చెబుతాం. వచ్చాక ఎవరైనా చెబుతారు, రాకముందు చెప్పేదే విశ్వాసం అని పాస్టరు గారు మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అలాగే ఒక ఆదివారం, నానక్‌రామ్‌గూడలో డాబా మీద రేకులు వేసిన మా మందిరంలో నిలబడి చెప్పాను.

"దేవుడు నాకు సెకండ్ షిఫ్టు ఇచ్చిండు. ఇగ పొద్దున కాలేజీకి పోత."

అందరూ ఆమెన్ అన్నారు. షిఫ్టు మాత్రం ఇంకా రాలేదు.

దగ్గరలోనే ఒక ఆఫీసు టవర్ రిసెప్షన్‌లో, పొద్దున షిఫ్టులో, వచ్చినవాళ్లకు విజిటర్ పాసులు ఇవ్వడం నా పని. నడుము దెబ్బతిని నాన్న క్యాబ్ నడపడం మానేశాక, ఇంటర్ అవగానే చేరాను. కిరాయి, ఆయన మందులు, చెల్లి చదువు అన్నీ నా జీతం మీదే. రెండేళ్లు ఆగి దరఖాస్తు చేస్తే కొండాపూర్‌లో ఒక కాలేజీలో బీకాం సీటు వచ్చింది. తరగతులు మధ్యాహ్నం వరకే. ఆ తర్వాత మొదలయ్యే సెకండ్ షిఫ్టు దొరికితే ఉద్యోగం, చదువు రెండూ నిలుస్తాయి. చూద్దాంలే అని సూపర్‌వైజర్ అన్నాడు కూడా.

బుధవారం ఆయనే పిలిచాడు. కోస్తా మనిషి, ఎంత చేదు మాటైనా మర్యాదగా చెబుతాడు.

"క్లయింటు వాళ్లకి పొద్దున్న డెస్కులో మీరే ఉండాలంటండి. మీరు నవ్వుతూ పలకరిస్తారంట. మెచ్చుకోలే కదండీ!"

"నవ్వుడు బంద్ చేస్తే షిఫ్టు ఇస్తరా సార్?"

"భలేవారండి మీరు" అని నవ్వి, ఫోన్ ఎత్తుకున్నాడు.

ఇంట్లో చెబితే నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఫ్లాట్లలో వంట చేస్తుంది.

"ఉద్యోగం ఇడిచిపెట్టు బిడ్డా. నేను ఇంకో రెండిండ్లు పట్టుకుంట."

"నీ మోకాళ్లు ఒప్పుకోవాలె గదమ్మా."

"వాటినెవరడిగిన్రు?"

లోపలికి వెళ్లి మోకరించాను. అడిగిందే మళ్లీ అడగడానికి కూడా ఓపిక లేదనిపించింది. మర్నాడు సీటు వదులుకుని దూరవిద్యలో చేరాను. దాని తరగతులు ఆదివారాలు.

ఆదివారం ప్రభువు దినమని, దాన్ని పనికి ఇవ్వకూడదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేదాన్ని నేనే. ఆ ఆదివారం మళ్లీ లేచి, షిఫ్టు రాలేదని, సీటు పోయిందని, ఇకమీదట ఆదివారం రాలేనని చెప్పాను. ఈసారి ఆమెన్ ఎవరూ అనలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వకే మాట ఆగలేదు.

"ఆదివారమేంది? గా కాలేజోళ్లకు ఇంకో దినం దొరకలేదా?"

"మిగిలిన దినాలు నేనే దొరకనవ్వా."

ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు తల వంచుకున్నారు. ఆయన వద్దంటే చదువు మానుకుందామనే నిలబడ్డాను. ఆయన తల ఎత్తకముందే ఆయన భార్య, పాస్టరమ్మ గారు లేచారు.

"సంఘం ఇడిచిపోతలేవు గదా. మంగళవారం ప్రార్థన కూడిక ఇగ మీ ఇంట్ల పెట్టుకుందం. నువ్వు డ్యూటీ నుంచి వచ్చినంకనే మొదలుపెడతం."

"అందరికీ చాయ్ నేనే పెట్టాలె గావచ్చు" అని వెనక నుంచి అమ్మ గొణిగింది.

దేవుడు మాట తప్పాడని నేను అనను. నేను మొదట చెప్పిన సాక్ష్యంలో ఆయన మాట ఎంత, నా ఆశ ఎంత అని విడదీసి చూసుకునే శక్తి మాత్రం ఇప్పుడు లేదు. ఆరు రోజులు డెస్కులో నవ్వుతాను. ఏడో రోజు క్లాసుకు పోతాను.

మొదటి ఆదివారం అకౌంట్స్ సార్ బోర్డు మీద లెక్క వేస్తున్నారు. మందిరంలో పాటలు మొదలయ్యే వేళ. కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుందామనుకున్నాను. ఎప్పుడు కునుకు పట్టిందో, పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"అక్కా, లే. సార్ చూస్తుండు."

లేచి, కొత్త పేజీ తిప్పి, బోర్డు మీద అప్పటికే సగం తుడిచేసిన లెక్కను మిగిలినంత వరకు రాసుకున్నాను.