ముసురులో కుట్టిన కోటు

హిందీ మాట్లాడే ఊళ్లో, గోల్‌మురి అనే పేటలోని ఒక మహిళా కుట్టు శిక్షణ కేంద్రంలో నేను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. అంటే కటింగ్ నేర్పేది నేను, మిషన్ మీద కుట్టు నేర్పేది జూనియర్లు. నా సర్వీసు ఆఖరి ఏడాది ఆగస్టు పదిహేను శుక్రవారం వచ్చింది. శని, ఆదివారాలు కలుపుకొని ఊరంతటికీ సెలవులు, నాకు హాలిడే డ్యూటీ. జెండా ఎగరేయించాలి, తాళాలు దగ్గరుంచుకోవాలి, మిషన్ల మీద వాన నీళ్లు కారకుండా చూసుకోవాలి.

జెండా వందనం కాగానే ముసురు పట్టింది. పార్కుకు పోదామని ముస్తాబై వచ్చిన మా విద్యార్థినులు వరండాలో దిగాలుగా నిలబడ్డారు. బాగ్‌బేరా నుంచి వచ్చే పద్మది మాత్రం వేరే బెంగ. బిష్టుపూర్‌లోని ఒక బట్టల దుకాణంవాళ్లు సొంత డిజైన్లు కుట్టించడానికి ఒక అమ్మాయిని తీసుకుంటున్నారు. సోమవారం ఉదయం తన చేతిపని ఒకటి తీసుకెళ్లి చూపించాలి. దానికోసం కొన్న కొత్త నూలు బట్టను, నేను నేర్పినట్టే, నీళ్లలో నానబెట్టింది. తడిపితే గంజి పోయి బట్ట ముడుచుకుని దగ్గరవుతుంది. తడపకుండా కోస్తే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది. అంతా పద్ధతి ప్రకారమే చేసింది కానీ, ఆ వానలో బట్ట ఆరితేగా? తడి బట్ట కత్తెర కింద సాగుతుంది, కొలత నిలవదు.

పద్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు నాకు తట్టింది, ఏళ్ల తరబడి ఉతికిన బట్టకు ఇక దగ్గరయ్యేది ఏముంటుంది, తడపకుండానే కోయొచ్చని. ఇళ్లలో అల్మారాలు దులిపి, పనికిరావని పక్కన పడేసినవన్నీ పట్టుకురమ్మని అందరికీ చెప్పాను. ఎలాగూ పార్కు లేదు.

శనివారం మా హాలు సంతలా మారింది. ఒకమ్మాయి విరిగిన గొడుగు గుడ్డతో వాన టోపీ కుట్టుకుంది. ఇంకొకామె పాత చీర అంచుతో చేతిసంచి మొదలుపెట్టింది. పద్మ తెచ్చింది వాళ్ల నాన్న అప్పారావు డ్యూటీ కోటు. ఆయన గమ్హరియాలో ఒక కార్ఖానాలో ఫిట్టరు. దళసరి నీలం నూలు కోటు, ఉతికి ఉతికి మెత్తబడింది. దాన్ని ఆడపిల్లలు వేసుకునే పొట్టి కోటుగా మార్చాలని పద్మ ఆలోచన.

ముందు కుట్లన్నీ విప్పించాను. మోచేతుల దగ్గర పలచబడింది, చంకల్లో కుట్టు రెండుసార్లు వేసి ఉంది, రొమ్ము మీద వదలని గ్రీజు మరక. గట్టి బట్టంతా వీపు భాగంలో ఉంది. కొత్త కోటు ముందు భాగాలు అందులోంచి తీశాం. మరక ఉన్న ముక్కను ఎక్కడ దాచాలా అని నేను చూస్తుంటే, పద్మ దాన్నే జేబుగా పెట్టి చుట్టూ ఎర్రంచు కుట్టింది.

ఆదివారం సాయంత్రం మిగతావాళ్లు టోపీలూ సంచులూ వేసుకుని వరండాలో వయ్యారంగా నడుస్తూ ఒకర్నొకరు ఏడిపించుకుంటున్నారు. పద్మను తీసుకెళ్లడానికి వచ్చిన అప్పారావు ఆ జేబు చూసి మొహం మాడ్చుకున్నాడు.

“అది డ్యూటీ కోటు కదమ్మా. గ్రీజు మరకట్టుకుని ఏసీ షాపుకెల్తావేటి? నవ్వరా మనల్ని?”

“హసేంగే తో హసేంగే, పాపా. నవ్వితే నవ్వనీ, నేనే చెప్తాను ఎవరిదో,” అంది పద్మ.

కోటు తడవకుండా ఆయన దాన్ని తన రెయిన్‌కోటులో చుట్టి, తాను తడుస్తూ స్కూటర్ ఎక్కాడు.

సోమవారం జరిగింది పద్మ వచ్చి చెప్పింది. దుకాణం యజమానురాలు కోటును తిరగేసి ముందు లోపలి కుట్లు చూసిందట. తర్వాత జేబు మీద వేలు పెట్టి, ఈ బట్ట ఎక్కడ కొన్నావని అడిగిందట. మా నాన్న డ్యూటీ కోటండీ అని, తోడుగా వచ్చి పక్కనే తల వంచుకుని నిలబడ్డ ఆయన్ను పద్మ చూపించింది. ఆమె ఆయనకు కుర్చీ వేయించింది. ఉద్యోగం పద్మకే వచ్చింది.

రిటైరయ్యేదాకా నా కటింగ్ క్లాసులో మొదటి రోజు మళ్లీ ఎవరినీ కొత్త బట్ట కొనుక్కురమ్మనలేదు. ఇంట్లో ఎవరో ఒకరు తొడిగి తొడిగి అరగదీసినదాన్ని తెచ్చి, కుట్లు విప్పి చూడమనేదాన్ని. బట్ట ఏ పనికి ఎక్కడ అరుగుతుందో తెలిశాకే దాన్ని కోయడం తెలుస్తుంది.