ఇంట్లో పాడకూడని పాట

మెట్‌పల్లిలో మగ్గాల వాడకట్టుకు పోయి రామచంద్రం ఇల్లెక్కడని అడిగితే ఎవరూ ఠక్కున చెప్పలేరు. మరకతాంగి ఇల్లు అంటే మాత్రం వెంటబెట్టుకుని పోయి చూపిస్తారు. పగలంతా పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసే ఆ మనిషి, నెత్తి నెరిసేదాకా భాగోతంలో చీర కట్టి మరకతాంగి రాణి వేషం వేశాడు. ఏటిలో కొట్టుకుపోయిన కొడుకును ఒళ్లో వేసుకుని రాణి ఏడ్చే పాట దగ్గరికి వచ్చేసరికి, ఆడవాళ్ల సంగతి సరే, బందోబస్తుకు వచ్చిన పోలీసులు కూడా ముక్కు చీదేవాళ్లు.

ఆ పాటకు ఒక కట్టడి ఉంది. ఆటగాళ్లు దాన్ని ఆరుబయటే పాడాలి. ఇంటి కప్పు కింద పాడితే పాడినవాడి ఇంట్లో ఆ ఏడ్పు నిజమవుతుందని వాళ్ల భయం. నేర్చుకునేటప్పుడు కూడా ఊరి బయటి గుట్ట మీదికి పోయేవాళ్లు. వెనకట క్యాసెట్ చేసినప్పుడు ఎవరింట్లోనో మైకు పెట్టారు గనుక, ఆ పాట వదిలేసి, కొడుకు ఈదుకుంటూ ఒడ్డెక్కాడని రెండు మాటల్లో చెప్పి మంగళం పాడేశారు. నిరుడు కరీంనగర్ పిల్లలెవరో ఆ క్యాసెట్ విని యూట్యూబ్‌లో సినిమా తీశారు. వాళ్లకు అసలు ఆట తెలియదాయె. సినిమాలోనూ కొడుకు బతికే ఉన్నాడు.

ఇక చూడండి రచ్చ. భాగోతం పిచ్చి ఉన్నవాళ్లందరినీ కూడగట్టి వాట్సాప్ గ్రూపు నడిపేది ఫోటోలు తీసే కరుణాకర్. ఆట గొప్పదా, క్యాసెట్ గొప్పదా, సినిమా గొప్పదా అని పొద్దున లేస్తే అందులో అదే పంచాయితీ. ఏడ్పు పాట లేని మరకతాంగి ఎందుకూ కొరగాదని ఎక్కువమంది తేల్చారు. ఆ పాటను రికార్డు చేయించే పని కరుణాకర్ నెత్తినేసుకున్నాడు.

రామచంద్రం కొడుకు హరీష్‌కు మాత్రం సినిమానే నచ్చింది. పెళ్లీడు పిల్లవాడు, రెండు కిడ్నీలూ చెడిపోయి, కరీంనగర్ ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతుకు వెళ్లదీస్తున్నాడు.

"గిదే మంచిగున్నది బాపూ. కొడుకు బతుకుతడు గద," అన్నాడు ఫోన్ చూస్తూ.

ఆ మాట విన్నాక రామచంద్రం ఆ పాట జోలికే పోనని మనసులో ఒట్టేసుకున్నాడు. కరుణాకర్ ఎన్నిసార్లు వచ్చినా, "ఇంట్ల పాడద్దు. పిలగాని పానం మంచిగలేదు," అని సాగనంపేవాడు.

ఆ ఒట్టు చెన్నూరు ఆటగాళ్ల పాట గ్రూపులోకి వచ్చేదాకానే నిలిచింది. వాళ్లు గోదావరి ఇసుకలో నిలబడి పాడి రికార్డు చేసుకున్నారు. రామచంద్రం కంటే ఈ చెన్నూరు ఆయనే నయమని ఒకడు, మెట్‌పల్లి ఆయన గొంతు ఎన్నడో పోయిందని ఇంకొకడు. మగ్గం చప్పుడులోనూ రామచంద్రానికి ఆ మాటలే వినపడ్డాయి. రోషం ఉండొద్దని ఎవరంటారు, దానికీ వేళాపాళా ఉండాలి కదా. కొడుకు మంచం పట్టి ఉంటే ఈయనకు పేరు కావలసి వచ్చింది.

హరీష్‌ను మిషన్ మీద పడుకోబెట్టిన ఒక మధ్యాహ్నం, భార్య సత్తమ్మను అతని పక్కన కూర్చోబెట్టి, "జర చాయ్ తాగొస్త," అని బయటపడ్డాడు. గేటు దగ్గర కరుణాకర్ బండి మీద సిద్ధంగా ఉన్నాడు.

"ఇల్లు కాదు గద?"

"స్టూడియోనే మామా. ఆరుబయట గాలి హోరుకు నీ గొంతు మంచిగ వినరాదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

వెనక సందులోంచి ఇనుప మెట్లెక్కి పోయారు. గోడల నిండా నల్లటి స్పాంజీ, నడుమ మైకు. దేవుడి పటం లేదు, పొయ్యి లేదు. రామచంద్రం ధైర్యం చేసి కళ్లు మూసుకున్నాడు. ఎంత బాగా పాడాడో చెప్పాలంటే నాకే మనసొప్పదు. ఒళ్లో కొడుకు తల ఉన్నట్టే చేతులు పట్టి, ఆఖరి చరణం దాకా ఎక్కడా తడబడలేదు. మైకు నడిపే అతను కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగి పోయేటప్పుడు ముందు వైపు నుంచి దించారు. గడపకు పసుపు రాసి ఉంది. వాకిట్లో ఒక ముసలమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. లోపల కుక్కర్ కూత పెట్టింది.

"గిది ఇల్లేనా?" అన్నాడు రామచంద్రం.

"కింద మనుషులుంటరు, మీద స్టూడియో. ఏమయితది మామా?"

రామచంద్రం ఉరుకుల మీద ఆస్పత్రికి పోయి కొడుకు పాదాలు పట్టుకుని చూశాడు. వెచ్చగానే ఉన్నాయి.

నెల తిరగకముందే హరీష్ పోయాడు. కిడ్నీలు చెడినవాడు పోవడానికి పాట కావాలా అని మీరూ నేనూ అంటాం. ఆ మాట రామచంద్రానికి ఎవరు నచ్చచెప్పాలి? అప్పటికే పాట ఊరూరా తిరుగుతోంది. చెన్నూరు వాళ్లు కూడా ఆయన ముందు తాము చాలమని ఒప్పుకున్నారు.

శవం దగ్గర రామచంద్రం కంట చుక్క రాలలేదు. పరామర్శకు వచ్చిన గ్రూపువాళ్లు చెవులు కొరుక్కున్నారు.

"పాటల అందరినీ ఏడిపిచ్చిండు. గీడ చూడు, రాయి తీర్గ కూసున్నడు."

సత్తమ్మ ఆ మాట విన్నది. దహనమై అందరూ వెళ్లిపోయాక వచ్చి మొగుడి పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది.

"ఆటల కొడుకు కోసం ఇన్నేండ్లు ఏడిస్తివి. కన్నకొడుకు కోసం ఏడుపు రాలేదా నీకు?"

"ఏడ్చిన."

"ఎప్పుడు?"

"వాడు బతికున్నప్పుడే ఏడ్చొచ్చిన, సత్తమ్మా. కరీంనగర్ల. ఒకలింట్ల."

ఆ పాట కట్టడి సత్తమ్మకు తెలుసు. భుజం మీద వేసిన చెయ్యి తీసేసుకుంది. లేచి లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది.